అజ్ఞాతవాస నామములందలి గూఢార్థములు

ఆటనుండి కథ పుట్టుటయు, నా కథ తెరపైకి వచ్చుటయు నేఁటి వింతలని పలువురు తలంతురు. ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ అను వీడియోగేము 2013లో వెలువడి 2023లో టెలివిజన్ నాటకముగా మాఱెను. ప్రేక్షకులు దాని దృశ్యములందు దాఁగిన సంకేతములను వెదకి చర్చించిరి. తెలుగువారి కీ వెదకులాట క్రొత్తది గాదు. పాచికలాట మూలముగాఁ గలిగిన కథయొకటి పదుమూఁడవ శతాబ్దమున నెల్లూరి తిక్కనసోమయాజిచేఁ దెనుఁగై, తోలుబొమ్మలాటవారి తెరపై నాడి, 1963లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున ‘నర్తనశాల’ యను చలనచిత్రమయ్యెను. అదియే విరాటపర్వకథ. ఇందలి గూఢసంకేతములు పాత్రల మాఱుపేళ్లే.

ఈ పేళ్లను గూర్చిన చర్చ వట్టి వినోదము గాదు. సత్యవ్రతుఁడని పేరొందిన ధర్మరాజు సంవత్సరకాలము తన పేరు దాఁచి యితరునివలె బ్రదికెను. అది బొంకు గాదా యని బడిలో విద్యార్థి యడిగినచో, నా పేళ్లకు రెండవ యర్థము గలదు గావున బొంకు గాదని చెప్పుట పరిపాటి. ఆ సమాధాన మెంతవఱకు నిలుచునో విచారింపఁదగును.

మొదట బృహన్నల. రేఫలకారముల కభేదము చెప్పుట శాబ్దికుల సంప్రదాయము. కావున బృహన్నల యనఁగా బృహన్నరుఁడు, గొప్ప నరుఁడు. అర్జునుఁడు నరనారాయణులలో నరుఁడని భారతమే చెప్పుచున్నది. పేడివేషమునకై పెట్టుకొన్న పేరే పురుషత్వమును బ్రకటించుచున్నది.

సైరంధ్రి యనఁగాఁ బరగృహమున నుండియు స్వతంత్రయై శిల్పకర్మ చేయునది యని యమరసింహుని వివరణము. ద్యూతసభలో దాసి యనిపించుకొన్న ద్రౌపది, పరిచారికావేషమునకై స్వతంత్ర యను నర్థమిచ్చు పేరు నెన్నుకొనెను.

నకులుఁడు దామగ్రంథి. దామ మనఁగాఁ ద్రాడు, గ్రంథి యనఁగా ముడి. సహదేవుని పేరు తెలుగునఁ దంత్రీపాలుఁడని వాడుక. దీనిని వీణాతంత్రితో ముడిపెట్టుట తగదు. సంస్కృతమునఁ దంతిపాల యను రూపము గలదు. తంతి యనఁగా దూడలను వరుసగాఁ గట్టు దామెనత్రాడు. పాణిని యష్టాధ్యాయి యాఱవ యధ్యాయము రెండవ పాదమున, గో, తంతి, యవ శబ్దములకుఁ బాలశబ్దము పరమైనపుడు ప్రత్యేకముగా స్వరమును విధించెను. తంతిపాలుఁ డనునది పాణినికాలము నాఁటికే ప్రసిద్ధమైన శబ్దమన్నమాట. కవలల పేళ్లు రెండును ద్రాటి పేళ్లే. ధర్మపాశముచేఁ గట్టువడి ద్యూతసభలో నూరకుండినవారి కవి తగినవే.

ఇవి పైకిఁ జెప్పిన పేళ్లు. తమలోఁ దాము పిలుచుకొనుటకై యన్నదమ్ములు జయుఁడు, జయంతుఁడు, విజయుఁడు, జయత్సేనుఁడు, జయద్బలుఁడు నను వేఱుపేళ్లను బెట్టుకొనిరి. ఐదును జిధాతువునుండి పుట్టినవే. జూదమునందలి యోటమికి వ్యాకరణమున నొక ప్రత్యేకసమాసము గలదు. పాచిక గెలుపునకు విపరీతముగాఁ బడినపుడు ‘అక్షపరి’ యనుట పాణిని యనుశాసనము. అక్షపరిచే సర్వముఁ గోల్పోయినవారు రహస్యమున ధరించిన పేళ్లన్నియు జయవాచకములగుట యాదృచ్ఛికము గాదు.

ఇఁకఁ గంకుఁడు. నిఘంటువులు కంకశబ్దమునకు యముఁ డనియు నర్థము చెప్పుచున్నవి. యమధర్మరాజు యుధిష్ఠిరుని తండ్రి. కంకము పక్షియుఁ గూడ. కొందఱు రాబందనియుఁ, గొందఱు కొంగజాతి పక్షి యనియుఁ జెప్పుదురు. కొంగజాతి యని గ్రహించినచో నొక చక్కని సంబంధము దోఁచును. అరణ్యపర్వాంతమున యక్షుఁడు మొదటఁ దాను బకము నని చెప్పుకొని, పిదప ధర్ముఁడుగాఁ బ్రత్యక్షమగును. తండ్రి బకమై కొలనికడ నిలిచెను. కొడుకు కంకుఁడై మత్స్యదేశముఁ జొచ్చెను. పులికాటు సరస్సు మొదలు పెన్న కడలిఁ గలియు చోటివఱకు నెల్లూరితీరమున నీటిలో నొంటికాలిపై నిలిచిన కొంగను జూచినవారి కీ చిత్రమును వివరింపఁ బనిలేదు. కొంగజపమను మాటను దెలుగువారు నిందార్థమున వాడుదురు. ఇచట నా కదలని నిలుకడయే ప్రతిజ్ఞాపాలన మైనది.

ఇంతవఱకు శ్లేష నిలిచినది. నిలువని చోటును గలదు. సంస్కృతమూలమున ధర్మరాజు విరాటునితోఁ దాను యుధిష్ఠిరుని చెలికాఁడ నని చెప్పెను. తనకుఁ దానే బంధువని గీత యాఱవ యధ్యాయమునఁ గల భావముచే నది సమర్థింపవచ్చును. కాని వైయాఘ్రపద్యగోత్రుఁడైన బ్రాహ్మణుఁడ ననియుఁ జెప్పెను. ఈ మాటకు రెండవ యర్థము లేదు. కంకశబ్దమునకుఁ గపటబ్రాహ్మణుఁ డనియు నిఘంటువులం దర్థము గలదు గావునఁ, బేరే నిజమును వెల్లడించుచున్నదని యనవచ్చును. అయితే యా యర్థ మీ కథనుండియే నిఘంటువుల కెక్కియుండవచ్చును. అట్లైనచో సాధ్యమునే హేతువుగాఁ జూపిన దోషము వచ్చును.

కావున సమాధానమును శబ్దమునఁ గాక కథలో వెదకవలయును. యక్షప్రశ్నల పిదప ధర్ముఁడు, పాండవులు కోరిన రూపములు ధరింపవచ్చు ననియు, వారి నెవ్వరును గుర్తింపఁజాల రనియు వరమిచ్చెను. అజ్ఞాతవాసము జూదమున నొడంబడిన పణము. ఆ మాట నిలుపుటకే యీ మఱుఁగు. ద్రోణపర్వమున నశ్వత్థామ యను పేరునకు నేనుఁగను రెండవ యర్థముండెను. ఉండియు గురువు మోసపోయెను. నేలకు నాలుగంగుళముల పైని నడచు ధర్మరాజు రథము నేల నంటెను. రెండుచోట్లను శ్లేష గలదు. ఒకచోట నది యిచ్చిన మాటను నిలిపెను. వేఱొకచోట నమ్మినవానిఁ జంపెను. అర్థద్వయమే సత్యమునకుఁ జాలునేని రథము క్రిందికి దిగవలసిన పనిలేదు.

గూఢార్థముల బలము ధర్మనిర్ణయమునఁ గాక రసమునఁ గానవచ్చును. సభలోఁ గీచకుఁడు తన్నినపుడు విలపించు ద్రౌపదిని నటివలె నడవకుమని కంకుఁడు మందలించును. తన భర్తయు నటుఁడే యనియు, నంతేకాదు జూదరి యనియు నామె బదులిడినట్లు తిక్కన కూర్చెను. విరాటున కది పరిచారిక దుఃఖము, కంకునకు గుండెకోఁత, చదువరికి హస్తినాపుర ద్యూతసభ మఱలఁ గన్నులఁ గట్టును. వెలుఁగులో నందఱు చూచుచుండఁగా జరిగిన పరాభవమునకుఁ బ్రతీకారము నర్తనశాల చీఁకటిలో నెవ్వరుఁ జూడకుండ జరుగును.

తోలుబొమ్మలాటలో దీపము తెరవెనుక నుండును. తెరపైఁ గదలునది యెవ్వరో చూపరు లెఱుఁగుదురు, విరాటుఁ డెఱుఁగఁడు. చలనచిత్రమున నందమూరి తారకరామారావు బృహన్నలగాఁ గన్పడినపుడును నంతియే. మఱుఁగును మఱుఁగని యెఱిఁగి చూచుటయే ప్రేక్షకుని యానందము.

విద్యార్థికిఁ గావున నీ రెంటిని వేఱుపఱచి చెప్పవలయును. పేళ్లలోని శ్లేష కావ్యసౌందర్యమునకు సాధనము. ధర్మరాజు నిర్దోషత్వమునకుఁ బ్రమాణము గాదు. తంత్రీపాల తంతిపాల రూపముల విషయమునఁ దాళపత్రప్రతులను బోల్చి చూచుట పండితులకుఁ దగిన పని. విజ్ఞు లీ యంశమును బరిశీలింతురు గాక.