4.3 వై-ఫై ప్రమాణాలు, పౌనఃపున్య బ్యాండ్లు

పౌనఃపున్యం పెరిగితే తరంగదైర్ఘ్యం తగ్గుతుందని గత భాగంలో చదివారు. ఆ సూత్రాన్ని ఇప్పుడు ఇంట్లో ఉన్న రౌటర్‌కు అన్వయిద్దాం.

మార్కాపురంలో మందపాటి రాతి గోడలున్న ఒక పాత ఇంటిని ఊహించుకోండి. రౌటర్ ముందు గదిలో ఉంది. మీరు వెనక గదిలో కూర్చుని ఆన్‌లైన్ పాఠం వింటున్నారు. పాఠం మాటిమాటికీ ఆగిపోతోంది. ఫోన్‌లో చూస్తే మీ రౌటర్ పేరు రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని చివర ‘5జి’ అని ఉంటుంది. దీన్ని మొబైల్ 5జి అని చాలామంది పొరబడతారు. మొబైల్ 5జిలో 5 అంటే అయిదో తరం. ఇక్కడ 5 అంటే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్. రెండో పేరు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ది.

30ని గిగాహెర్ట్జ్‌లలోని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం సెంటీమీటర్లలో వస్తుంది. 2.4కు 12.5 సెం.మీ., 5.8కు సుమారు 5.2 సెం.మీ. ఒకే రకం యాంటెన్నాలతో, ఒకే దూరంలో, అడ్డేమీ లేకపోయినా 5.8 గిగాహెర్ట్జ్ వద్ద అందే శక్తి 2.4తో పోలిస్తే దాదాపు ఆరో వంతే. మధ్యలో రాతి గోడ ఉంటే ఇంకా తగ్గుతుంది. కాబట్టి వెనక గదిలో 2.4 ఎంచుకోవడమే మేలు.

మరి 5 ఎందుకు? 2.4 బ్యాండ్ ఇరుకు. దాని మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్. అందులో 13 ఛానెళ్లు ఉన్నా ఒక్కొక్కటి 5 మెగాహెర్ట్జ్ ఎడంలోనే ఉంటాయి, ఒక్కో రౌటరుకేమో సుమారు 20 మెగాహెర్ట్జ్ కావాలి. అందువల్ల ఒకదానిపై ఒకటి పడకుండా 1, 6, 11 అనే మూడు ఛానెళ్లే మిగులుతాయి. వీధిలో పది రౌటర్లుంటే ఆ మూడింటినే పంచుకోవాలి. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే ఉన్నాయి. మన దేశంలో 2005 నుంచి ఈ బ్యాండ్‌కు లైసెన్సు అక్కర్లేదు. అయితే పక్కింటి రౌటర్ అడ్డొస్తోందని ఫిర్యాదు చేసే హక్కు కూడా లేదు. లైసెన్సు లేకపోవడానికి మనం చెల్లించే మూల్యం ఇదేనని నాకనిపిస్తుంది. 5 గిగాహెర్ట్జ్ వైపు 2018లో 605 మెగాహెర్ట్జ్ మేర ఇలాగే తెరిచారు. అక్కడ చోటు ఎక్కువ.

ప్రమాణాల పేర్లకు భయపడనక్కర్లేదు. అన్నీ ఐఈఈఈ 802.11 కుటుంబమే, చివరి అక్షరం మారుతుంది. 1999 నాటి ‘బి’ 2.4లో 11 ఎంబీపీఎస్, ‘ఎ’ 5లో 54. 2009 నాటి ‘ఎన్’ రెండు బ్యాండ్లలోనూ పనిచేస్తుంది, 2013 నాటి ‘ఎసి’ 5లో మాత్రమే. 2021లో ఆమోదం పొందిన ‘ఎఎక్స్’నే వై-ఫై 6 అంటారు. పెట్టెపై రాసే వేగం గాలిలో సాధ్యమయ్యే గరిష్ఠం. ఇంటికి వచ్చే లైను 30 ఎంబీపీఎస్ అయితే ఇంటర్నెట్ వేగం అంతకు మించదు.

ఇల్లు దాటి గిద్దలూరు వైపు వెళితే లెక్క మారుతుంది. నల్లమల అంచున ఒక టవర్ నుంచి 5 కిలోమీటర్ల దూరంలోని పల్లెకు 5.8 గిగాహెర్ట్జ్ డిష్‌లతో లింకు వేయాలనుకోండి. రెండు డిష్‌లు ఒకదానికొకటి కనబడితే చాలదు. దారి మధ్యభాగంలో ఆ సరళరేఖ చుట్టూ సుమారు 8 మీటర్ల వ్యాసార్థం గల ప్రాంతం చాలావరకు ఖాళీగా ఉండాలి. దీన్నే ఫ్రెనెల్ మండలం అంటారు. 2.4 అయితే ఆ వ్యాసార్థం 12.5 మీటర్లు. గోడల దగ్గర మేలు చేసిన పొడవైన తరంగం ఇక్కడ ఎక్కువ ఖాళీ అడుగుతుంది. చెట్ల ఆకులు శక్తిని పీల్చుకుంటాయి. నడుమ గుట్ట ఉంటే ఏ బ్యాండూ పనికిరాదు, గుట్టమీద మరో టవర్ కావాలి.

చేసి చూడండి: కొత్త రౌటర్ కొనే ముందు, పాత రౌటర్ పక్కన నిలబడి రెండు బ్యాండ్లలోనూ వేగం కొలవండి. తరువాత వెనక గదిలో కొలవండి. రౌటర్ పక్కనే రెండు బ్యాండ్లలోనూ వేగం తక్కువగా ఉంటే ముందు లైనును అనుమానించండి. వెనక గదిలో మాత్రమే తగ్గితే రౌటర్‌ను ఇంటి నడుమకు, కాస్త ఎత్తులోకి మార్చి మళ్లీ కొలవండి. అంకెలను నోటు పుస్తకంలో రాసుకోండి.