మీకు తెలుసా? కొండ మీద పూలన్నీ స్వామివే

జుక్కల్ నుంచి తిరుపతికి బయల్దేరే అక్కచెల్లెళ్లూ, కొండ ఎక్కేముందు తలలో పూలు తీసేయండి. తిరుమలలో ప్రతి పువ్వూ స్వామికే. అక్కడ ఎవరూ పూలు ముడుచుకోరు.

అలిపిరి దారిలో 3,550 మెట్లు. మెట్టుమెట్టుకూ వంగి పసుపు, కుంకుమ అద్దే తల్లులు కనిపిస్తారు. వాళ్లకు దారివ్వండి, ఫొటోలు తీయకండి. మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లు నిటారుగా ఉంటాయి. ఈ పవిత్ర గిరిని కాలితో తొక్కలేక రామానుజులు మోకాళ్లతో ఎక్కారని ప్రతీతి. బాల అన్నమయ్య చెప్పులతో ఎక్కబోయి సొమ్మసిల్లితే, ఈ రాళ్లన్నీ సాలగ్రామాలేనని అమ్మవారు చెప్పిందట! ఎంత చక్కటి కథ! ఆలయం చుట్టూ ఉన్న మాడవీధుల్లోకి చెప్పులతో అసలు వెళ్లకూడదు. నీళ్లకు స్టీలు సీసా పట్టుకెళ్లండి, కొండ మీద ప్లాస్టిక్ సీసాలు నిషేధం.