శరత్కాలారంభమున చెఱువులలో చేపల వేట
కోయిలకుంట్ల ప్రాంతపు రైతులకు సూచనలు

మన ప్రాంతమున పుబ్బ, ఉత్తర కార్తెలలో, అనగా ఆగస్టు కడపటినుండి సెప్టెంబరు నెలాఖరువరకు కురియు వానలతో కుంటలును చెఱువులును నిండును. వీనిలో చిన్నవి అనేకములు శివరాత్రి నాటికే అడుగంటును. కావున చేప పెరుగుటకు దొరకు కాలము అయిదాఱు నెలలు మాత్రమే. హస్త, చిత్త కార్తెలలో ఏ చేపను పట్టవలెను, దేనిని విడువవలెను అను నిర్ణయముపైననే ఆ యేటి రాబడి ఆధారపడి యుండును.

1. నీటి పరీక్ష

నల్లరేగడి పొలములమీదుగా వచ్చిన క్రొత్తనీటిలో సన్నని మన్ను చాల దినములు తేలుచుండును. చేతిని నిలువుగా నీటిలో ముంచి చూడుడు. మణికట్టు మునుగునప్పటికే అరచేయి కనబడకపోయినచో నీరు ఇంకను తేఱలేదని తెలియవలెను. అట్టి నీటిలో కంటితో ఎర వెదకు చేప గాలమునకు సులభముగా రాదు. మోచేయి మునుగు వేళకు అరచేయి మఱుగై, నీరు లేత ఆకుపచ్చగా నున్నచో అది మంచి నీరు. ఆ పచ్చదనము కంటికానని సూక్ష్మజీవులవలన కలుగును. చేపలకు మొదటి ఆహారము అదియే.

2. మబ్బు దినముల అపాయము

నీటిలోని పచ్చని జీవులు పగటి యెండలో ప్రాణవాయువును విడుచును. రాత్రి తామే దానిని పీల్చుకొనును. వరుసగా మూడు నాలుగు దినములు మబ్బు పట్టి గాలి స్తంభించినచో, తెల్లవాఱుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తఱుగును. అప్పుడు చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచుండును. దీనిని చూచి ఆకలియని భ్రమించి తవుడు చల్లుట పెద్ద పొరపాటు. మిగిలిన తవుడు క్రుళ్లి కీడును ఇనుమడింపజేయును. మేతను, పేడ ఎరువును వెంటనే ఆపి, కాలువనుండి గాని బోరునుండి గాని మంచినీరు పైనుండి పడునట్లు విడువవలెను. అదియు లేనిచో పలువురు కఱ్ఱలతో నీటిని కొట్టి కదల్పవలెను.

3. ముందుగా పట్టవలసినవి

బొచ్చె నీటి పైభాగమునను, రాగండి నడుమను, ఎఱ్ఱమోసు అడుగునను మేయును. ఈ మూడును నిలువ నీటిలో సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. 1957వ సంవత్సరమున ఒడిశాలోని అంగుల్‌నందు డాక్టరు హీరాలాల్ చౌధురి మొదలగువారు సూదిమందుతో ఈ తెగ చేపలచే గ్రుడ్లు పెట్టించు పద్ధతిని సాధించిరి. అప్పటినుండి పిల్లలు చెఱువులకు సులభముగా లభించుచున్నవి. మూడు నాలుగు అంగుళముల పిల్లలను విడిచినచో కొద్ది నెలల నీటిలోనే అమ్మకమునకు తగినంత ఎదుగును.

వాలుగయు, కొఱ్ఱమీనును ఆ పిల్లలను మ్రింగు చేపలు. కావున పిల్లలను విడిచిన చెఱువులో శరత్కాలపు వేట ముఖ్యముగా వీనిపై సాగవలెను. ఈ వేట రెండు విధముల లాభము. అమ్ముకొనుటకు చేప దొరకును; పెంచుకొను చేపకు శత్రువు తగ్గును.

4. వేట విధము

వాలుగ రాత్రి సంచరించునది. ప్రొద్దుగ్రుంకిన పిదపను, తెల్లవాఱకముందును, క్రొత్తనీరు చెఱువులో కలియు చోటను దీనికై గాలము వేయవలెను. గాలి తోలు వైపు గట్టున పరిగెలు గుమిగూడును గనుక వాలుగ అచ్చటికి కూడ వచ్చును. బ్రతికియున్న పరిగెయే మంచి ఎర.

కొఱ్ఱమీను తామరతూండ్ల నడుమను, తుంగ అంచునను పొంచియుండును. అది గాలికొఱకు మాటిమాటికి పైకి వచ్చును. నీటిపై బుడగ కనబడిన చోటికి కొంచెము ముందుగా చిన్న కప్పను ఎరగా గ్రుచ్చిన గాలమును వేసి, మెల్లగా లాగవలెను. పిల్లలను విడువని చెఱువులో మాత్రము, ఎఱ్ఱని పిల్లల గుంపును కాచుచున్న తల్లిచేపను పట్టరాదు. తల్లి పోయినచో గుంపంతయు నశించును.

బొచ్చె, రాగండి, ఎఱ్ఱమోసులను పక్షమునకొకసారి విసురువలతో కొలదిగా పట్టి, పెరుగుదల చూచి, తడిచేతులతో మరల విడువవలెను. సన్నకన్ను వలతో చెఱువంతయు ఈడ్చుట పంటను వెన్నులోనే కోయుటవంటిది.

5. మరవ యొద్ద జాగ్రత్త

చెఱువు మరవ పాఱునపుడు చేపపిల్లలు కొట్టుకొనిపోవును. వెదురు తడిక కట్టవచ్చును గాని, దానికి చిక్కిన చెత్తను పూటపూటకు తీయవలెను. తడిక మూసికొనిపోయినచో నీరు వెనుకకు తన్ని కట్టకే ముప్పు. గట్టి వాన కురిసి నీరు పొంగునపుడు తడికను పూర్తిగా తీసివేయవలెను. చేప పోయిన మరుసటేట తెచ్చుకొనవచ్చును, కట్ట తెగిన పొలములే పోవును. పాఱుచున్న మరవలోను, తెఱచిన తూము దగ్గఱను ఎవ్వరును నీటిలో దిగరాదు.

6. పొలమును, చెఱువును

ప్రత్తికి, వరికి చల్లు పురుగుమందులలో కొన్ని అత్యల్ప మాత్రమునందే చేపలను చంపును. మందు కొట్టిన పొలపు నీటిని కుంటలోనికి మళ్లింపరాదు. మందు డబ్బాలను అందు కడుగరాదు. నీటిలో విషము కలుపుటయు, మందుగుండు ప్రేల్చుటయు 1897వ సంవత్సరపు మత్స్య చట్టమున నేరములు. అట్టి పనివలన ఆనాటి చేపయే గాక రాబోవు చేపయు నశించును.

సొంత కుంట గాక ఊరి చెఱువైనచో, దాని చేపల హక్కు పంచాయతీ పాటదారునిదో, బెస్తవారి సహకార సంఘముదో ముందుగా విచారించి, వారి యనుమతితోనే గాలము వేయవలెను. అవుకు జలాశయమువంటి వాటియందు మత్స్యశాఖవారి నిబంధనలను తెలిసికొనవలెను.

నీరు నిండుగా నున్నపుడు మ్రింగు చేపను తీయుడు. మేయు చేపను పెరుగనిండు. నీరు తగ్గు మాఘ ఫాల్గునములలో వల నిండును.