వాన ఆగదు.. సైకిలెందుకు ఆగాలి?

ఒక చిన్న ప్రశ్న. హైదరాబాద్, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్... ఈ రెండు ఊళ్లలో ఏడాది మొత్తమ్మీద వాన ఎక్కడ ఎక్కువ?

‘మాంచెస్టరే, అందులో డౌటేముంది’ అంటారు చాలామంది. లెక్క తీస్తే రెండూ ఇంచుమించు సమానమే. అక్కడా ఇక్కడా సుమారు 800 మిల్లీమీటర్లు. తేడా అంతా కురిసే తీరులో ఉంది. మన దగ్గర ఎక్కువ భాగం నాలుగు నెలల్లో దంచికొట్టి వెళ్లిపోతుంది. మాంచెస్టర్‌లో అదే నీళ్లు ఏడాదికి 140, 150 రోజుల మీద తుంపరగా, జల్లుగా పడతాయి. గొడుగు తీసేంత వానా కాదు, తీయకుండా తిరిగేంత పొడీ కాదు. రోడ్డు మాత్రం ఎప్పుడూ తడే.

నేను ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఇల్లు డిడ్స్‌బరీ వైపు, ఆఫీసు సిటీ సెంటర్‌లో. రోజూ పోనూ రానూ 16 కిలోమీటర్లు రోడ్ బైక్ మీదే. అంటే సన్న టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్ ఉండే రేసు తరహా సైకిల్. చలికాలం వచ్చిందంటే ఇక్కడి తెలుగు కుర్రాళ్లు నన్ను అడిగేవి రెండే. ఒకటి, జాబ్ రిఫరల్. రెండోది, ‘అన్నా, మడ్‌గార్డు ఏది కొనాలి?’ మొదటిదానికి నా దగ్గర అన్నిసార్లూ సమాధానం ఉండదు. రెండోదానికి ఉంది.

తడిపేది మబ్బు కాదు.. చక్రం!

వానలో సైకిల్ అనగానే అందరూ ముందు జాకెట్ కొంటారు. అది పైనుంచి పడే నీళ్లను ఆపుతుంది. కింది నుంచి లేచే నీళ్ల సంగతి?

ఇంటర్ ఫిజిక్స్ గుర్తు తెచ్చుకోండి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నామంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. టైరు అంచు నుంచి విడిపోయే నీటి బొట్టుకీ, సైకిల్‌తో పోలిస్తే అదే వేగం ఉంటుంది. గాలి అడ్డు లేదనుకుంటే ఆ బొట్టు నిలువునా దాదాపు రెండున్నర మీటర్లు ఎగరగలదు. మన నడుము టైరుకి అర మీటరు దూరంలో కూడా లేదు మరి.

ఇంకాస్త గమనిస్తే, వెనక చక్రం నీళ్లు నడుముకీ వీపుకీ తగులుతాయి. ముందు చక్రం నీళ్లు బూట్లలోకి, పెడల్ ఇరుసు మీదకి, చైన్ మీదకి పోతాయి. వాన ఆగిపోయాక కూడా రోడ్డు ఆరేదాకా ఇది సాగుతూనే ఉంటుంది. అందుకే ఆకాశం శుభ్రంగా ఉన్న రోజున కూడా ఆఫీసుకి తడి ప్యాంటుతో వెళ్లేవాళ్లు కనిపిస్తారు.

పైగా అవి ఉత్త నీళ్లు కావు. గడ్డకట్టే చలి ఉన్న రాత్రుల్లో ఇక్కడి కౌన్సిళ్లు మంచు పట్టకుండా రోడ్ల మీద రాతి ఉప్పు చల్లుతాయి. మాంచెస్టర్‌కి దగ్గర్లోని చెషర్ కౌంటీలో, విన్స్‌ఫర్డ్ అనే ఊళ్లో దాని కోసం పెద్ద గనే ఉంది. కార్లు జారకుండా కాపాడే ఆ ఉప్పే సైకిల్ చైన్‌కీ బోల్టులకీ శత్రువు. ఉప్పునీళ్లు తగిలిన చైన్‌ని తుడవకుండా వదిలేస్తే తుప్పు పట్టడానికి ఎంతో టైమ్ అక్కర్లేదు. కాబట్టి మడ్‌గార్డు మన ప్యాంటుకే కాదు, బండికీ రెయిన్‌కోటు లాంటిదే.

తాతయ్య సైకిల్‌కి ఉంది.. దీనికెందుకు లేదు?

మన తాతయ్యల నల్ల సైకిల్ గుర్తుందా? స్టీలు మడ్‌గార్డులు, చైన్‌కి కవరు, వెనక క్యారియర్. ఆ డిజైన్‌కి పుట్టిల్లు బ్రిటనే. మనకి బాగా తెలిసిన హెర్క్యులిస్ పేరు కూడా బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిందే. వానలో, బురదలో పనికి వెళ్లే మనిషి కోసం తయారైన బండి కాబట్టి మడ్‌గార్డు దాంతోనే వచ్చేది.

రోడ్ బైక్ పుట్టుకే వేరు. అది రేసు కోసం. బరువు తగ్గాలి, టైరుకీ ఫ్రేముకీ మధ్య సందు తగ్గాలి. ఆ సందులో మడ్‌గార్డు పట్టేంత చోటే మిగలదు. షోరూమ్‌లో మడ్‌గార్డు లేకుండా స్టైల్‌గా కనిపించడం వెనక కథ ఇదే. అందుకని ‘ఏ బ్రాండ్ మంచిది?’ అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. ‘నా సైకిల్‌కి ఏది పడుతుంది?’ అన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు షాపులో దొరకదు, మీ బండి దగ్గరే దొరుకుతుంది.

కొనేముందు మూడు చూడండి

ఒకటి, కన్నాలు. ముందు ఫోర్కు చివర, వెనక ఇరుసు దగ్గర మడ్‌గార్డు కడ్డీలు బిగించడానికి చిన్న బోల్టు కన్నాలు ఉన్నాయా? ఉంటే సగం సమస్య తీరినట్టే. లేకపోతే ఫ్రేము చుట్టూ పట్టే ‘పీ-క్లిప్’లు దొరుకుతాయి. అయితే కార్బన్ ఫ్రేము, కార్బన్ ఫోర్కులకి వీటిని బిగించొద్దు. కార్బన్‌కి ఆ నొక్కుడు పడదు.

రెండు, సందు. టైరు పైభాగానికీ బ్రేకుకీ మధ్య, టైరుకీ ఫోర్కుకీ మధ్య ఎంత ఖాళీ ఉంది? స్కేలు దూరదు కాబట్టి అలెన్ కీ వాడండి. 8 మిల్లీమీటర్ల కీ అటూ ఇటూ తగలకుండా దూరితే ఫుల్ మడ్‌గార్డు హాయిగా పడుతుంది. 6 దూరితే సన్నరకాన్ని ప్రయత్నించొచ్చు. 4 దగ్గరే ఇరుక్కుంటే ఫుల్ మడ్‌గార్డు మీద ఆశ వదులుకోండి. డిస్క్ బ్రేకులున్న కొత్త బైకుల్లో సాధారణంగా ఈ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే టైరు మీద బ్రేకు కూర్చోదు.

మూడు, వెడల్పు. మడ్‌గార్డు మీ టైరు కంటే కనీసం 10 మిల్లీమీటర్లు వెడల్పుండాలి. 25 టైరుకి 35 మిల్లీమీటర్లది, 32 టైరుకి 45 మిల్లీమీటర్లది సరిపోతుంది. అంతకంటే సన్నగా ఉంటే నీళ్లు పక్కల నుంచి చిమ్ముతాయి.

ఈ మూడూ తెలిస్తే ఎంపిక సులువు. కన్నాలూ సందూ రెండూ ఉంటే ఫుల్ మడ్‌గార్డులే కొనండి, రెండో ఆలోచన వద్దు. ఎస్‌కేఎస్ బ్లూమెల్స్ లాంటివి ఈ రకం. సందు లేకపోతే క్లిప్-ఆన్ రకం. ఎస్‌కేఎస్ రేస్‌బ్లేడ్ లాంటివి ఫ్రేముకి రబ్బరు పట్టీలతో పట్టుకుంటాయి. ఎండ వచ్చినప్పుడు తీసేయొచ్చు కూడా. కాకపోతే బ్రేకు దగ్గర చిన్న గ్యాప్ ఉంటుంది, అక్కణ్నుంచి కొన్ని నీళ్లు తప్పవు. సీటు కింద దూర్చే చిన్న ప్లాస్టిక్ రేకు మూడో రకం. చవక, తేలిక. మీ ప్యాంటు వెనక భాగాన్ని కాస్త కాపాడుతుంది, అంతే. బూట్లూ చైనూ మీ అదృష్టం.

ఏది బిగించినా వెనక లైటు కనిపిస్తోందో లేదో ఓసారి వెనక్కి వెళ్లి చూడండి. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు లాగిన్ నుంచి బయటికి వెళ్లిపోతాడు. లైటుకి అడ్డొచ్చే మడ్‌గార్డు వద్దే వద్దు.

‘అన్నా, సైకిల్ అమ్మేస్తున్నా’

మొన్న డిసెంబరులో ఓ తమ్ముడు ఫోన్ చేశాడు. ఖమ్మం దగ్గరి కుర్రాడు, ఇక్కడ ఎంఎస్సీ చేస్తున్నాడు. ఫాలోఫీల్డ్‌లో గది, సాయంత్రాలు ఓ రెస్టారెంట్‌లో పార్ట్‌టైమ్. సెకండ్‌హ్యాండ్‌లో రోడ్ బైక్ కొనుక్కున్నాడు.

‘‘అన్నా, రోజూ తడిసిపోయి షిఫ్టుకి పోతున్నా. మేనేజర్ చూసే చూపు బాగుండట్లేదు. సైకిల్ అమ్మేసి బస్సెక్కుతా.’’

‘‘బస్సుకి ఎంతవుతుంది?’’

‘‘పోనూ రానూ నాలుగు పౌండ్లు.’’

రూపాయల్లోకి మార్చుకుని చూసుకునే అలవాటు మొదటి ఏడాదిలో ఎవరికీ పోదు. నాలుగు పౌండ్లంటే రోజూ నాలుగొందలకి పైనే. ఇంట్లో ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ నడుస్తున్నవాడికి అది చిన్న మాట కాదు.

‘‘అమ్మడం ఎప్పుడైనా అమ్మొచ్చు. ముందు కన్నాలున్నాయేమో చూడు’’ అన్నాను. ఉన్నాయి. అలెన్ కీ పెట్టి చూస్తే మాత్రం నాలుగే దూరింది. చాలామంది ఇక్కడే ఆగిపోయి క్లిప్-ఆన్ కొనేస్తారు. మేం టైరు వైపు చూశాం. 28 సైజు, అప్పటికే బాగా అరిగిపోయాయి, ఎలాగూ మార్చాల్సినవే. వాటి బదులు 25 వేస్తే టైరు ఎత్తు సుమారు 3 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అంటే సందు 7 అవుతుంది. 35 వెడల్పు ఫుల్ మడ్‌గార్డుకి అది చాలు.

రెండు టైర్లు, మడ్‌గార్డు జత కలిపి 70 పౌండ్ల లోపు తేలింది. బిగించుకున్నది మేమే. ఒక ఆదివారం మధ్యాహ్నం, రెండు గంటల పని, మధ్యలో ఒకసారి టీ. బస్సు ఖర్చుతో పోలిస్తే 18 రోజుల్లో డబ్బులు వెనక్కి. ఫిబ్రవరి దాకా అతను సైకిల్ మీదే షిఫ్టుకి వెళ్లాడు. వాన పడితే భుజాలు తడుస్తాయి, జాకెట్ తీస్తే మనిషి పొడిగానే ఉంటాడు. బూట్లు విప్పి సాక్స్ పిండుకునే పని తప్పింది.

ఉద్యోగం చేసేవాళ్లకి ఇంకో దారి ఉంది. 1999లో మొదలైన ‘సైకిల్ టు వర్క్’ అనే ప్రభుత్వ పథకంలో మీ కంపెనీ చేరి ఉంటే, పన్ను పడకముందే జీతంలోంచి నెలనెలా కొంత కట్ చేయించుకుని సైకిల్ తీసుకోవచ్చు. లైట్లు, హెల్మెట్‌తో పాటు మడ్‌గార్డులూ అందులోకి వస్తాయి. హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ కొడితే పోయేదేం లేదు.

ముందు చక్రం.. ఇక్కడ మాత్రం తేలిక వద్దు

ఫాలోఫీల్డ్ లూప్ అని ఇక్కడో సైకిల్ దారి ఉంది. ఒకప్పటి రైల్వే లైను, ఇప్పుడు రెండువైపులా చెట్లు. నవంబరులో ఆకులూ, పుల్లలూ దారంతా పరుచుకుంటాయి. ఒక పుల్ల టైరుకి అతుక్కుని ముందు మడ్‌గార్డు లోపలికి వెళ్లిందనుకోండి. అక్కడ ఇరుక్కుంటే మడ్‌గార్డు చక్రంతో పాటు లాక్కుపోయి ముడుచుకుంటుంది, చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. సైకిల్ ఆగుతుంది, మనం ఆగం.

దీనికి విరుగుడు చిన్న ప్లాస్టిక్ క్లిప్పు. మంచి మడ్‌గార్డుల్లో ముందు కడ్డీలు ఈ సేఫ్టీ క్లిప్పుల్లోనే ఉంటాయి. గట్టిగా లాగుడు పడితే కడ్డీ దానంతటదే ఊడి వచ్చేస్తుంది, చక్రం తిరుగుతూనే ఉంటుంది. కొనేటప్పుడు ముందు సెట్‌కి ఇవి ఉన్నాయో లేదో చూడండి. ‘ఊరికే ఊడుతోంది’ అని జిగురు పెట్టి అతికించొద్దు, ఊడటమే దాని డ్యూటీ. బిగించేటప్పుడు ఇంకో సంగతి. పుల్ల లోపలికి వెళ్లేది కింద, వెనక అంచు నుంచి. అక్కడి సందు లోపలి సందు కంటే ఎక్కువ ఉండకూడదు. దూరగలిగింది బయటికీ పోగలగాలి.

మనలా మధ్యస్థం ఎత్తున్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. చిన్న ఫ్రేముల్లో హ్యాండిల్ తిప్పినప్పుడు బూటు ముందు భాగం మడ్‌గార్డుకి తగలొచ్చు. వేగంలో ఇది సమస్య కాదు, సిగ్నల్ దగ్గర నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడే. బిగించాక ఖాళీ పార్కింగ్‌లో ఓ రెండు ‘ఎనిమిది’లు కొట్టి అలవాటు చేసుకోండి.

వెనకవాడి మొహం మీదకి..

ఆదివారాలు ఇక్కడి సైక్లింగ్ క్లబ్బులతో వెళ్లే ఆలోచన ఉంటే ఒక మర్యాద తెలుసుకోవాలి. చలికాలం రైడ్లకి చాలా క్లబ్బులు మడ్‌గార్డు అడుగుతాయి. అది మీ కోసం కాదు, మీ వెనక వచ్చేవాళ్ల కోసం. గుంపులో ఒకరి చక్రం వెనక ఒకరు మీటరు దూరంలోనే వెళ్తారు. మీ వెనక చక్రం చిమ్మే బురద తిన్నగా వాళ్ల నోట్లోకే. ఆ బురదలో ఏముంటుందో, పల్లెదారుల్లో ఆవుల మందలు నడిచిన రోడ్డు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. క్లిప్-ఆన్ వెనక రేకు చాలావరకు పొట్టిగా ఉంటుంది, మీ వీపుని కాపాడి వాళ్లని వదిలేస్తుంది. అందుకే చివర ఓ ఫ్లాప్ తగిలిస్తారు. మన లారీల వెనక వేలాడే రబ్బరు షీటు లాంటిదే. ఖాళీ ప్లాస్టిక్ పాల డబ్బా కత్తిరించి రెండు చిన్న బోల్టులతో బిగించినా పని జరుగుతుంది. ముందు మడ్‌గార్డుకీ ఒకటి పెట్టండి, మీ బూట్లు మీకు థ్యాంక్స్ చెబుతాయి.

ఇది చదువుతున్నది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయితే మీకూ ఈ లెక్కే. ఉప్పు ఉండదు, ఎర్రమట్టి ఉంటుంది. చలి ఉండదు, జులై ఉంటుంది. కన్నాలు, సందు, వెడల్పు మాత్రం ఎక్కడైనా ఒకటే. బిగించాక నెలకోసారి బోల్టులన్నీ ఓ చుట్టు బిగించుకోండి. గడగడ చప్పుడు మొదలైందంటే ఏదో ఒకటి వదులైందనే అర్థం. తడిలో తిరిగొచ్చిన రోజు చైన్‌ని పాత బనియన్ గుడ్డతో తుడిచి నూనె చుక్కలు వేయండి, రెండు నిమిషాల పని.

ఇంతకీ మీ ఇంట్లో 8 నంబరు అలెన్ కీ ఉందా? ఆన్‌లైన్‌లో కార్ట్ నింపేముందు అది పట్టుకుని ఒకసారి కిందికి వెళ్లి రండి.