ఫ్రాంక్‌గా చెప్పాలంటే... ఆ మాటకి అర్థం వేరే!

పెళ్లి ఫొటోల ప్యాకేజీలు ఎప్పుడైనా చూశారా? ట్రెడిషనల్‌కి ఒక రేటు, క్యాండిడ్‌కి ఇంకో రేటు. క్యాండిడ్ అంటే మనకి తెలియకుండా, మనం మనలా ఉన్నప్పుడు తీసే ఫొటో. తీరా పెళ్లిరోజు ఫొటోగ్రాఫర్ ఏమంటాడు? ‘‘మేడమ్, కెమెరా చూడకండి. అటు చూసి కొంచెం నవ్వండి... క్యాండిడ్ తీస్తున్నా!’’

ఈ ఒక్క పదమే కాదు. సిన్సియర్, హానెస్ట్, ఫ్రాంక్, క్యాండిడ్... నాలుగూ మనం రోజూ వాడేస్తుంటాం. అన్నిటికీ ‘నిజాయితీ’ అనే ఒకే అర్థం ఉన్నట్టు ఏది నోటికొస్తే అది. ఫ్రెండ్స్ మధ్య పర్లేదు. ఎమ్మెస్ అప్లికేషన్‌లోనో, అప్రైజల్ మీటింగ్‌లోనో, క్లయింట్ కాల్‌లోనో మాత్రం తేడా కొడుతుంది. నేను భాషా పండితుణ్ణి కాదు, కోడ్ రాసుకునేవాణ్ణి. కానీ రోజులో సగం ఇంగ్లిష్ మెయిళ్లతో, కాల్స్‌తోనే గడుస్తుంది కదా! అందుకే ఈ నాలుగు పదాల వెంట కొన్నాళ్లు పడ్డాను.

సిన్సియర్: కష్టమా, మనసా?

‘‘మావాడు చాలా సిన్సియర్ అండీ’’ అంటే మనకేం అర్థమవుతుంది? టైముకి కాలేజీకి వెళ్తాడు, అసైన్‌మెంట్లు ఎగ్గొట్టడు, బుద్ధిగా చదువుకుంటాడు. అంటే మన దృష్టిలో సిన్సియర్ అంటే కష్టపడే మనిషి. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఆ పదానికీ అటెండెన్స్‌కీ సంబంధం లేదు. మనసులో ఉన్నదీ నోటితో అన్నదీ ఒకటే అయితే అది సిన్సియర్. నిజంగా బాధపడి చెప్పే సారీ సిన్సియర్. బద్ధకస్తుడు కూడా వాళ్ల లెక్కలో సిన్సియర్ కావచ్చు, తన బద్ధకాన్ని దాచుకోకపోతే!

దీనివల్ల నష్టమేంటి అంటారా? ఎమ్మెస్‌కి చాలా యూనివర్సిటీలు రెండో మూడో రెకమెండేషన్ లెటర్లు అడుగుతాయి. మన దగ్గర చాలాసార్లు ‘‘డ్రాఫ్ట్ నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతా’’ అంటారు సారు. ఆ డ్రాఫ్ట్‌లో ‘వెరీ సిన్సియర్ స్టూడెంట్’ అని రాస్తే, చదివే అమెరికన్ ప్రొఫెసర్‌కి ‘నటించని అమ్మాయి’ అన్నట్టు వినిపిస్తుంది. మంచిమాటే. కానీ రాత్రి తొమ్మిదింటిదాకా ల్యాబ్‌లో కూర్చుని ప్రాజెక్ట్ పూర్తిచేసిన కష్టం అందులో ఎక్కడా కనపడదు. ఆ చోట హార్డ్‌వర్కింగ్ అనో డిలిజెంట్ అనో రాయాలి. ఏ ప్రాజెక్ట్, ఎన్ని నెలలు, చివరికి ఏం తేలింది అని రాస్తే ఇంకా మంచిది.

ఈ పదం మీద ఒక వాట్సాప్ కథ కూడా తిరుగుతుంటుంది. పాతకాలం శిల్పులు రాతిలో పగుళ్లని మైనంతో కప్పేసేవాళ్లనీ, ‘మైనం లేనిది’ అనే లాటిన్ మాట నుంచే సిన్సియర్ వచ్చిందనీ. కథ బాగుంది, కానీ డిక్షనరీలు ఒప్పుకోవు. అసలు లాటిన్ పదం ‘సిన్సేరుస్’. శుభ్రమైనది, కల్తీ లేనిది అని అర్థం. మన ‘చిత్తశుద్ధి’లో ఉన్న శుద్ధి కూడా అదే కదా! అంటే సిన్సియర్‌కి సరైన తెలుగు మనం ఎప్పుడూ వాడుతున్నదే. కాకపోతే ఆ మాటని రాజకీయ నాయకుల ప్రకటనలకి వదిలేశాం.

హానెస్ట్ వేరు, క్యాండిడ్ వేరు

ఒక స్టేటస్ కాల్ ఊహించుకోండి. ‘‘టెస్టింగ్ ఎంతవరకు వచ్చింది?’’ అని మేనేజర్ అడిగాడు. ‘‘జరుగుతోంది సర్’’ అన్నాడు మనవాడు. అబద్ధం కాదు, నిజంగానే జరుగుతోంది. కాబట్టి ఆ జవాబు హానెస్టే. కానీ వంద టెస్ట్ కేసుల్లో నలభై ఫెయిలయ్యాయని చెప్పలేదు. అందుకే అది క్యాండిడ్ కాదు.

తేడా ఇంతే. అబద్ధం చెప్పకపోతే హానెస్ట్. ఎదుటివాడికి తెలియాల్సింది దాచకుండా చెబితే క్యాండిడ్. మనలో చాలామంది మొదటిదానిలో ఫస్ట్ క్లాస్, రెండోదానిలో పాస్ మార్కులు. కారణం మోసం కాదు, మొహమాటం. పెద్దవాళ్ల ముందు చేదు వార్త చెప్పడం మర్యాద కాదని చిన్నప్పట్నుంచీ నేర్చుకున్నాం. ‘యథార్థవాది లోకవిరోధి’ అని సామెత కూడా పెట్టుకున్నాం. సూటిగా మాట్లాడటాన్ని తెలుగులో ఏమంటాం? ‘నిర్మొహమాటంగా’ అంటాం. అంటే ముందు మొహమాటం ఉంటుంది, దాన్ని తీసేస్తే మిగిలేదే సూటిదనం!

ఫ్రాంక్ ఎవరు?

రోమన్ సామ్రాజ్యం కూలిపోతున్న రోజుల్లో, ఇప్పుడు మనం ఫ్రాన్స్ అంటున్న ప్రాంతాన్ని గెలుచుకున్న జర్మానిక్ తెగవాళ్లు ఫ్రాంకులు. ఫ్రాన్స్ పేరు వాళ్ల వల్లే వచ్చింది. అక్కడ పూర్తి స్వేచ్ఛ ఉన్నది పాలకులైన ఫ్రాంకులకీ, వాళ్ల అండ ఉన్నవాళ్లకీ మాత్రమే. అలా ‘ఫ్రాంక్’ అంటే ‘స్వేచ్ఛ ఉన్నవాడు’ అయింది. తర్వాత్తర్వాత స్వేచ్ఛగా మాట్లాడేవాడు అనే అర్థం వచ్చింది. బ్రిటన్‌లో పార్లమెంటు సభ్యులు ఉత్తరాలు ఉచితంగా పంపుకునే హక్కుని కూడా ఫ్రాంకింగ్ అనేవాళ్లు. 1840లో దాన్ని ఎత్తేశారు.

ఈ పదానికి మన ఇంట్లో ఒక చుట్టం కూడా ఉంది. అరబ్బులు, పర్షియన్లు యూరప్ వాళ్లందర్నీ ఫ్రాంకులనే పిలిచారు. అదే ‘ఫరంగీ’ అయింది. ఆ ఫరంగీలు తెచ్చిన తుపాకీ మందు ఆయుధానికి మనం పెట్టుకున్న పేరు ‘ఫిరంగి’. అంటే ఫ్రాంక్, ఫిరంగి ఒకే చెట్టు కొమ్మలు. కొందరు ‘‘ఫ్రాంక్లీ స్పీకింగ్...’’ అని మొదలుపెట్టగానే మనం తల వంచుకునేది ఊరికే కాదు మరి!

నవ్వులాట పక్కన పెడితే, ఈ చరిత్రలో ఒక నిజం ఉంది. ఫ్రాంక్‌గా ఉండటం అధికారం ఉన్నవాడికి తేలిక. టీమ్ లీడ్ ‘‘ఫ్రాంక్‌గా చెప్పు తమ్ముడూ, ఏమనుకోను’’ అంటాడు. ఆర్నెల్ల క్రితం చేరిన ఫ్రెషర్‌కి ప్రొబేషన్ గుర్తొస్తుంది. ‘‘అంతా ఓకే అన్నా’’ అంటాడు. ఆ కుర్రాడిలో నిజాయితీ తక్కువై కాదు, స్వేచ్ఛ తక్కువై. కాబట్టి జూనియర్లు ఫ్రాంక్‌గా లేరని కంప్లైంట్ చేసేముందు, కిందటిసారి ఫ్రాంక్‌గా మాట్లాడిన కుర్రాడికి ఏమైందో లీడ్ గుర్తుచేసుకోవాలి. టీమ్ అంతా అదే చూస్తుంటుంది.

క్యాండిడ్: తెల్లటి మనసు

లాటిన్‌లో ‘కాండిడుస్’ అంటే మెరిసే తెలుపు. పాత రోమ్‌లో పదవికి పోటీచేసేవాళ్లు సుద్దతో తెల్లగా చేసిన టోగా వేసుకుని జనంలోకి వెళ్లేవాళ్లు. క్యాండిడేట్ అనే మాట అక్కణ్ణుంచే వచ్చింది. తెల్ల చొక్కా వేసుకుని ఓట్లడిగే అలవాటు మనతోనే మొదలవలేదన్నమాట!

అసలు విశేషం తర్వాత జరిగింది. 1755లో శామ్యూల్ జాన్సన్ వేసిన ఇంగ్లిష్ డిక్షనరీలో క్యాండిడ్ అంటే ద్వేషం లేనివాడు, తప్పులు వెతకాలనే కోరిక లేనివాడు. 1813లో వచ్చిన జేన్ ఆస్టెన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో ఎలిజబెత్ తన అక్క జేన్‌ని మెచ్చుకుంటూ వాడేది కూడా ఈ అర్థంలోనే. ప్రతి మనిషిలోనూ మంచినే చూసి, చెడు జోలికి పోకపోవడమే అప్పటి క్యాండర్. ఇప్పుడు? ‘క్యాండిడ్ ఫీడ్‌బ్యాక్’ అని మెయిల్ వస్తే మన తప్పుల లిస్టు వచ్చిందని అర్థం! మంచి చూడటం నుంచి చెడు చెప్పేదాకా, పదం పూర్తిగా అటునుంచి ఇటు తిరిగింది.

మేనేజర్లు ఎక్కువగా చెప్పుకునే కిమ్ స్కాట్ పుస్తకం ‘రాడికల్ క్యాండర్’ 2017లో వచ్చింది. అందులో ఆవిడ చెప్పేది కూడా రెండు సగాల గురించే. సూటిగా చెప్పాలి, ఆ మనిషి మీద నిజమైన పట్టింపు కూడా ఉండాలి. పట్టింపు లేని సూటిదనం దురుసుతనం. సూటిదనం లేని పట్టింపు, ముందు బాగానే ఉన్నా చివరికి ఆ మనిషినే ముంచుతుంది. ఆఫీసుల్లో మొదటి సగాన్నే పట్టుకుని, రెండోదాన్ని పుస్తకంలోనే వదిలేసేవాళ్లు ఎక్కువ.

కాబట్టి మాట వాడేముందు ఒక్క క్షణం చూసుకుందాం. కష్టపడేవాణ్ణి హార్డ్‌వర్కింగ్ అందాం, సిన్సియర్‌ని మనసుకి వదిలేద్దాం. ‘ఫ్రాంక్లీ’ అని మొదలుపెట్టేముందు ఎదుటివాడికీ అంతే స్వేచ్ఛ ఉందా అని చూద్దాం. రేపు స్టాండప్‌లో ‘జరుగుతోంది సర్’ అన్నాక మాత్రం ఆగిపోకండి. ఎన్ని ఫెయిలయ్యాయో, సరిచేయడానికి ఎన్ని రోజులు పడుతుందో కూడా చెప్పేయండి.