లేబర్ అనే మాట ఎక్కడెక్కడ తిరిగొచ్చింది?

ఎపిసోడ్‌లో టైం చాలక సగంలో వదిలేసిన మాట ఒకటుంది, అది ఇక్కడ చెప్పేస్తాను.

డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్. 2019 జనవరి ఆఖర్లో మనవాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఆ ఊరి పేరే కదా. యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్‌కి వెబ్‌సైటు ఉంది, ఆఫీసు ఉంది, క్లాసులూ ప్రొఫెసర్లూ మాత్రం లేరు. నడిపింది అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్లే. ఆ ఏడాది ఆఖరికి సుమారు 250 మంది స్టూడెంట్లని పట్టుకున్నారు. ఎక్కువమంది ఇండియా వాళ్లు, అందులో తెలుగు పిల్లలు చాలామంది. పిల్లల్ని చేర్పించిన ఎనిమిదిమంది మీద క్రిమినల్ కేసులు పడ్డాయి. క్లాసులు లేవని తెలిసే చేరారని ప్రభుత్వం అంటే, మమ్మల్ని మోసం చేశారని పిల్లలు అన్నారు.

ఆ యూనివర్సిటీ సీలు మీద లాటిన్‌లో ఒక నినాదం ఉండేది: 'స్కియెంటియా ఎట్ లాబోర్'. అంటే జ్ఞానమూ, పనీ. ఎవరు ఏరారో గానీ, చదువు పేరు పెట్టుకుని పని చేసుకుంటున్నారన్న ఆ కేసంతా ఆ రెండు మాటల్లోనే ఉంది.

లాటిన్‌లో లాబోర్ అంటే ఉత్త పని కాదు, ఒళ్లు హూనమయ్యే పని. కష్టం, బాధ అని కూడా. మనం 'కష్టపడి సంపాదించాడు' అంటామే, ఆ కష్టం. లాటిన్ నుంచి పుట్టిన భాషల్లో ఈ మాట తలో దారి పట్టింది. ఇటలీలో 'లవోరో' అంటే మామూలుగా ఉద్యోగం, పని. ఫ్రెంచిలో 'లబూరే' అంటే పొలం దున్నడం. పోర్చుగీసులో 'లవ్రార్' కూడా దున్నడమే. స్పెయిన్‌లో 'లబ్రార్' అంటే దున్నడం, రాయీ చెక్కా చెక్కడం కూడా. కష్టం అన్న మాట రైతు దగ్గరికి వెళ్లి ఆగిపోయింది చూశారా!

ఇది మనకి కొత్తేం కాదు. సంస్కృతంలో వ్యవసాయం అంటే గట్టి ప్రయత్నం, పట్టుదల. హిందీ వాళ్లకి అది వృత్తి, వ్యాపారం. మనకీ కన్నడం వాళ్లకీ సేద్యం. ఒకే మాట, మూడు బతుకులు.

ఇంగ్లీషులోకి ఫ్రెంచి ద్వారా వచ్చింది లేబర్. బాధ అన్న పాత అర్థం అక్కడ పురిటి గదిలో మిగిలింది, అందుకే నొప్పులొస్తే 'లేబర్‌లో ఉంది' అంటారు. లాబొరేటరీ కూడా ఈ ఇంటి బిడ్డే.

ఇక తెలుగులోకి వచ్చేసరికి మాట చిన్నబోయింది. పొద్దున్నే లేబర్ అడ్డాలో నిలబడేవాళ్లని, గల్ఫ్‌లో లేబర్ క్యాంపులో ఉండేవాళ్లని 'లేబర్' అనేసి, మనం ఐటీలో ఉన్నాం కాబట్టి మనది వేరే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను, ఒప్పుకోవాలి. కానీ హెచ్1బీకి ముందు కంపెనీ వేసే ఎల్‌సీఏలో ఎల్ అంటే లేబరే. గ్రీన్‌కార్డుకి మనం మామూలుగా దాటే మొదటి మెట్టు పెర్మ్, దాని పూర్తి పని లేబర్ సర్టిఫికేషన్. 'నీ లేబర్ క్లియర్ అయిందా?' అని పాట్‌లక్‌లో ఒకళ్లనొకళ్లం అడుగుతూనే ఉంటాం.