ప్రశ్నలతో చర్చి మెట్లెక్కుతున్నారు

2009 జనవరిలో లండన్ వీధుల్లో ఎర్ర బస్సులు ఒక వింత ప్రకటనను మోసుకు తిరిగాయి. దేవుడు బహుశా లేడు, దిగులు మాని హాయిగా బతకండి అన్నది దాని సారాంశం. ఆలోచన ఏరియన్ షెరీన్ అనే రచయిత్రిది. బ్రిటిష్ హ్యూమనిస్ట్ అసోసియేషన్ అండగా నిలిచింది, 'ద గాడ్ డెల్యూజన్' రాసిన రిచర్డ్ డాకిన్స్ విరాళమిచ్చారు. చదువుకున్నవాళ్ల మధ్య భక్తి ఊసెత్తాలంటేనే మొహమాటపడే రోజులవి.

పదిహేనేళ్లు గడిచాయి. 2024 వసంతంలో అదే డాకిన్స్ ఒక రేడియో ముఖాముఖిలో తాను 'సాంస్కృతిక క్రైస్తవుణ్ని' అన్నారు. సిద్ధాంతం ఒక్క ముక్క కూడా నమ్మరట. క్రిస్మస్ పాటలూ, ఊరూరా ఉన్న పాత చర్చిలూ మాత్రం పోకూడదట! నమ్మకం అక్కర్లేదు, దాని నీడ చాలు అన్న ఈ వైఖరి మీద నాస్తికులూ విసుక్కున్నారు, విశ్వాసులూ నవ్వుకున్నారు.

అంతకంటే పెద్ద సంచలనం అయాన్ హిర్సీ అలీది. సోమాలియాలో పుట్టి, ఇస్లాంను వదిలి, డాకిన్స్ పక్కన నిలబడి నాస్తికత్వాన్ని ప్రచారం చేసిన ఆమె, తాను క్రైస్తవురాలినయ్యానని 2023 నవంబరులో ఒక వ్యాసంలో ప్రకటించారు. ఆ వ్యాసం నిండా పాశ్చాత్య నాగరికతకు ఎదురవుతున్న ముప్పుల ప్రస్తావనే. క్రీస్తు ఊసు పెద్దగా లేదు. ఇది మతమా, రాజకీయమా అని చాలామంది నిలదీశారు. ఆ అనుమానంలో న్యాయం ఉంది. వలసదారుల మీద కోపాన్ని శిలువ చాటున దాచుకునేవాళ్లు ఐరోపాలో తక్కువేమీ లేరు.

ఆరు నెలల తర్వాత న్యూయార్క్‌లో ఆమె, డాకిన్స్ ఇద్దరూ ఒకే వేదిక మీద కూర్చున్నారు. ఈసారి ఆమె నాగరికతను పక్కనపెట్టి తన సంగతి చెప్పారు. ఏళ్ల తరబడి మనసును కుంగదీసిన నిస్పృహ, ఎంత వైద్యం చేయించుకున్నా తీరని వెలితి, చివరికి దారి తోచక చేసిన ప్రార్థన. నువ్వు క్రైస్తవురాలివి కాదని ఒప్పించడానికే వచ్చానన్న డాకిన్స్, ఆమె మాటలు విన్నాక నిజంగానే అయ్యావని ఒప్పుకున్నారు. తన అభిప్రాయం మాత్రం అంగుళం మార్చుకోలేదు. వాదన తెగలేదు కానీ ఒక మనిషి మాట మరో మనిషికి వినపడింది. పదిహేనేళ్ల కిందటి బస్సు ప్రకటనల కాలంలో ఇలాంటి సంభాషణను ఊహించడం కష్టం.

మరి జనం నిజంగా చర్చిల వైపు మళ్లుతున్నారా? ఇక్కడ కాస్త నిదానించాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 18–24 ఏళ్లవారిలో నెలకోసారైనా చర్చికి వెళ్లేవారు 2018లో 4 శాతం ఉంటే 2024కల్లా 16 శాతమయ్యారని బైబిల్ సొసైటీ 2025లో ప్రకటించింది. పత్రికలు ఎగిరి గంతేశాయి. అయితే అది ఆన్‌లైన్ సర్వే. ఏళ్లుగా శాస్త్రీయ నమూనాతో సాగుతున్న 'బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్' సర్వేలో అలాంటి పెరుగుదల జాడ లేదు. 2011లో ఇంగ్లండ్, వేల్స్ జనాభాలో 59.3 శాతమున్న క్రైస్తవులు 2021 జనగణనలో 46.2 శాతానికి దిగారు. అమెరికాలోనూ ప్యూ పరిశోధన సంస్థ 2025లో విడుదల చేసిన అధ్యయనం చెప్పింది క్షీణత నెమ్మదించిందనే. 2007లో 78 శాతమున్న క్రైస్తవులు 2023–24లో 62 శాతం దగ్గర నిలబడ్డారు. దీన్ని పునరుజ్జీవనం అనేయడం తొందరపాటే.

గట్టి లెక్క కావాలంటే ఫ్రాన్స్ వెళ్లాలి. 1905లోనే చర్చినీ రాజ్యాన్నీ చట్టం చేసి విడదీసిన దేశమది. అక్కడ కథోలిక చర్చిలో పాస్క (ఈస్టర్) పండుగ వేళ జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందిన పెద్దవాళ్లు 2023లో 5,463 మంది. మరుసటి ఏడాది 7,135 మంది. 2025లో 10,384 మంది! వీరిలో 18–25 ఏళ్లవారే 42 శాతం. ఇవి సర్వేలో టిక్కు పెట్టిన జవాబులు కావు, చర్చి పుస్తకాలకెక్కిన పేర్లు. అయితే అదే దేశంలో పసిపిల్లల జ్ఞానస్నానాలు పాతికేళ్లలో దాదాపు సగానికి పడిపోయాయి. తల్లిదండ్రులు చేయించనిది పిల్లలు పెరిగాక వెతుక్కుంటూ వస్తున్నారన్నమాట.

వచ్చినవాళ్లతో ఏం మాట్లాడాలి? అసలు కథ ఇక్కడుంది. వారసత్వంగా మతం అందినవాళ్లకు రాని ప్రశ్నలు వీళ్లకు వస్తాయి. దేవుడుంటే ఈ బాధ ఎందుకు, పునరుత్థానాన్ని నమ్మడమెలా, నరకం ఉందా? లండన్‌లోని హోలీ ట్రినిటీ బ్రాంప్టన్ చర్చిలో 1977లో మొదలైన ఆల్ఫా కోర్సు ఇలాంటి ప్రశ్నలకు చోటివ్వాలన్న కిటుకును ముందే పట్టింది. నిజానికది కొత్త విశ్వాసులకు పాఠాలు చెప్పడానికి పెట్టింది. 1990లో పగ్గాలు అందుకున్న నికీ గంబెల్ ఒకప్పటి న్యాయవాది, అంతకుముందు నాస్తికుడు. ఆయన దాన్ని బయటివాళ్ల వైపు తిప్పారు. ముందు భోజనం, తర్వాత చిన్న ప్రసంగం, ఆపైన చిన్న బృందాల్లో చర్చ. ఏ ప్రశ్నయినా అడగొచ్చు, బృందాన్ని నడిపేవాళ్లు వెంటనే జవాబు చెప్పేయకుండా మిగతావాళ్లను మాట్లాడనివ్వాలి. ప్రసంగపీఠానికి అలవాటుపడ్డ పాస్టర్లకు ఇది కొరుకుడు పడని పని.

మనదేశంలో దీనికి అన్నలాంటి ప్రయోగం ఒకటుంది. 1907లో భారతదేశానికి వచ్చిన మెథడిస్ట్ మిషనరీ ఇ. స్టాన్లీ జోన్స్ 1920లలో 'రౌండ్ టేబుల్' సమావేశాలు జరిపారు. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, ఏ మతమూ లేనివారు గుండ్రంగా కూర్చునేవారు. వాదించుకోకూడదు. నీ విశ్వాసం నీ బతుకులో ఏం చేసిందో చెప్పాలి, పక్కవాడు చెప్పేది వినాలి. ఆ అనుభవాలతో ఆయన 1928లో పుస్తకమే రాశారు. ఇప్పుడు కొత్తగా కనుగొన్నట్టు చెప్పుకుంటున్న చాలా సంగతులు అందులో ఉన్నాయి.

మళ్లీ ఫ్రాన్స్ సంగతికొస్తే, అక్కడ జ్ఞానస్నానానికి సిద్ధం కావడం వారం రోజుల ముచ్చట కాదు. ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ప్రతి ఒక్కరికీ తోడు నడిచే విశ్వాసి కావాలి. ఏటా వేలమంది వస్తుంటే అంతమందికి తోడు నడిచేవాళ్లు ఎక్కడ దొరుకుతారన్నది విచారణ (పారిష్) గురువులకు పట్టుకున్న బెంగ. జ్ఞానస్నానమయ్యాక కొందరు కనపడకుండా పోతారు కూడా. పారిస్, దాని చుట్టుపక్కల మేత్రాసనాల పీఠాధిపతులు (బిషప్పులు) ఈ కొత్తవాళ్ల గురించే ప్రత్యేకంగా ఒక ప్రాంతీయ మహాసభ జరపాలని 2025లో నిర్ణయించారు. ముందుగా విశ్వాసులందరి అభిప్రాయాలూ సేకరించాలనీ, అందులో కొత్తగా చేరినవాళ్ల మాటా వినాలనీ తలపెట్టారు.